ఆటోనగర్‌లో మినీ ట్రాక్టరుకు ముందు బ్లేడు చేయించుకునేవారికి హెచ్చరిక

విజయవాడ ఆటోనగర్‌లో మినీ ట్రాక్టర్లకు ముందు బ్లేడు, హాఫ్ కేజ్ వీల్స్ (వెనక టైర్ల పక్కన తగిలించే ఇనుప చక్రాలు) బిగించే షెడ్డుల్లో ఒకదాన్ని నమ్మి 68 వేల రూపాయలు ఇచ్చాను. తెచ్చుకున్న మూడో రోజున, అంటే నిన్న, ట్రాక్టరు ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచే పోత ఇనుము భాగం పగిలి, బండి పొలంలోనే కూలబడింది. షెడ్డు పేరు రాయడం లేదు, కానీ ఇదే పని మీద ఆటోనగర్ వెళ్లబోయేవారు ఇది చదివి వెళ్లాలని కోరుతున్నాను.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు లంక పొలాలు ఏమయ్యాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కొల్లిపర వైపు మా అరటి తోటలో వేసిన ఇసుక మేటను ప్రొక్లెయిన్‌తో కొంత తీయించాను, మిగిలినది మా 24 హెచ్‌పీ బండితో నేనే తోసుకుందామనుకున్నాను. మిషిగన్‌లో ఉంటున్న మా తమ్ముడు చలికాలంలో తన గార్డెన్ ట్రాక్టరుకు ముందు బ్లేడు తగిలించి, వెనక టైర్లకు గొలుసులు చుట్టి, వెనక బరువు కట్టి ఇంటి ముందు మంచు తోసుకుంటాడు. ఆ బ్లేడు వెనక గట్టి స్ప్రింగులు ఉంటాయి. మంచు కింద కనపడని రాయికి అంచు తగిలితే బ్లేడు ముందుకు వాలి, రాయిని దాటాక మళ్లీ నిలబడుతుంది కాబట్టి దెబ్బ బండికి తగలదు. మా ఇసుక కింద కూడా పాత మోడులు ఉన్నాయి. అందుకే స్ప్రింగులు తప్పనిసరి అనీ, ఫ్రేమును ముందు భాగానికే బిగించి వదిలేయకుండా పొట్ట కింద నుంచి వెనక యాక్సిల్ హౌసింగు దాకా తీసుకెళ్లాలనీ, తమ్ముడు పంపిన వీడియో చూపించి మరీ చెప్పాను. షెడ్డు ఆయన అన్నిటికీ తలూపి, చీటీ మీద "స్ప్రింగు బ్లేడు" అని తన చేత్తోనే రాసి ఇచ్చాడు.

నిన్న రెండో గేరులో నెమ్మదిగా వెళ్తుండగా బ్లేడు ఒక తుమ్మ మోడుకు తగిలింది. బ్లేడు వాలలేదు. ముందు చక్రాలు ఒక్కసారి లేచి పడ్డాయి, పెళ్లున శబ్దం వచ్చింది. దిగి చూస్తే స్ప్రింగులు ఉండాల్సిన చోట రెండు అడ్డ పట్టీలు వెల్డింగు చేసి, పైన పసుపు రంగు దట్టంగా పూసి ఉంది. గోటితో గీకితే రంగు పెచ్చులుగా లేచి, కింద వెల్డింగు మచ్చలు బయటపడ్డాయి. ఫ్రేము కూడా నాలుగు బోల్టులతో ముందు భాగానికే ఆగిపోయింది. బండి తీసుకునే రోజున ఒక్కసారి వంగి చూసి ఉంటే ఇదంతా కనపడేది, చూడకపోవడం నా తప్పే.

ఫొటోలతో షెడ్డుకు వెళ్లాను. డబ్బు లెక్కపెట్టుకున్న రోజున "మీరు నిశ్చింతగా ఉండండి సార్" అన్న మనిషి, ఫొటోల వైపు కూడా చూడకుండా, "స్ప్రింగు పెడితే బ్లేడు ఊగుద్ది, నీకేం తెలుసు? మోడు చూసుకోకుండా తోలింది నువ్వు" అన్నాడు. చీటీ చూపిస్తే చేతిలోంచి లాక్కుని, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. పని నేర్చుకునే పిల్లలు నలుగురు చూస్తుండగా జరిగిందిది. డబ్బు పోయినందుకంటే ఆ చీటీ లాక్కున్నందుకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. కేజ్ వీల్స్ సంగతి కూడా అంతే, ఎడమ వైపుది మడ్‌గార్డుకు రాసుకుని రేకును కోసేసింది.

మీరు చేయించుకుంటే, రంగు వేయకముందే వెళ్లి వెల్డింగు చూడండి. బ్లేడు పై అంచు పట్టుకుని ముందుకు లాగించి, అది వాలి తిరిగి నిలబడుతోందో లేదో మీ కళ్ల ముందే చూపించమనండి. వెనక బరువు లేకుండా బ్లేడు పని మొదలుపెట్టకండి. చీటీతో సరిపెట్టుకోకుండా జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు తీసుకోండి, అప్పటిదాకా చీటీ ఇస్తే అక్కడే నిలబడి ఫోనులో ఫొటో తీసుకోండి. నా దగ్గర ఆ ఫొటో లేదు.