కాంట్రాక్టు రెన్యూ చేయలేదు: ఆస్ట్రేలియాలో ఏ క్లెయిమ్ మేలు?

ఆరు నెలలకోసారి కాంట్రాక్టు మారుస్తూ నాలుగైదేళ్లు పనిచేయించుకున్నాక, ఓ రోజు "ఈసారి రెన్యూవల్ లేదు" అని ఈమెయిల్ వస్తుంది. అప్పుడు ముఖ్యంగా రెండు దారులున్నాయి: అన్‌ఫెయిర్ డిస్మిసల్ (అన్యాయంగా తీసేశారన్న క్లెయిమ్, ఫారం ఎఫ్2), జనరల్ ప్రొటెక్షన్స్ (చట్టం కాపాడే కారణంతో తీసేశారన్న క్లెయిమ్, ఫారం ఎఫ్8). రెండూ వేయాల్సింది ఉద్యోగ వివాదాలు చూసే ఫెయిర్ వర్క్ కమిషన్‌లోనే, రెండింటికీ గడువు 21 రోజులే. ఒకే తొలగింపు మీద రెండూ నడపడం కుదరదు.

అన్‌ఫెయిర్ డిస్మిసల్‌లో చిక్కంతా మొదటి మెట్టు దగ్గరే. "మేం తీసేయలేదు, గడువు ముగిసింది" అంటుంది యాజమాన్యం. గడువుతో ముగిసిన కాంట్రాక్టును తొలగింపు కింద లెక్కించరన్న మినహాయింపు ఫెయిర్ వర్క్ చట్టం 386వ సెక్షన్‌లో నిజంగానే ఉంది. కానీ 2017లో నావిటాస్ కేసులో కమిషన్ ఫుల్ బెంచ్ (విస్తృత ధర్మాసనం) ఆఖరి కాగితం ఒక్కటే చూస్తే చాలదంది. ఉద్యోగ సంబంధం మొత్తాన్ని చూడాలి, అది తెగడానికి ముఖ్య కారణం యాజమాన్యం చేసిన పనేనా అని అడగాలి. రెన్యూవల్ చేస్తామని మాటిచ్చారా? గడువు తేదీ ఇద్దరూ నిజంగా ఒప్పుకున్నదేనా, ఆఫీసు సౌకర్యం కోసం వేసిన అచ్చు ఫారమా? "వచ్చే టర్మ్‌కి నిన్నే అనుకుంటున్నాం" అని మేనేజర్ పంపిన ఒక్క మెసేజ్ ఇక్కడ చాలా విలువైనది.

కాంట్రాక్టులో నోటీసు క్లాజు వెతకండి. తేదీ రాసినా, మధ్యలో ఎప్పుడైనా నోటీసిచ్చి ముగించుకోవచ్చని ఉంటే ఆ 386 మినహాయింపు సాధారణంగా వర్తించదు. అంతమాత్రాన కేసు గెలిచినట్టు కాదు, ఒక అడ్డు తొలగినట్టు.

ఈ దారికి కనీసం 6 నెలల సర్వీసు కావాలి. 15 మంది కంటే తక్కువున్న సంస్థలో 12 నెలలు. పరిహారం 26 వారాల జీతం దాటదు.

జనరల్ ప్రొటెక్షన్స్‌కు ఆ సర్వీసు షరతు లేదు, పరిహారానికి పరిమితీ లేదు. ఫలానా కారణంతోనే తీసేశారని మీరంటే, ఆ కారణంతో తీయలేదని రుజువు చేసుకోవాల్సింది యాజమాన్యమే. అయితే ఆ కారణం చట్టం కాపాడేదై ఉండాలి: గర్భం, యూనియన్ సభ్యత్వం, జీతం తక్కువిస్తున్నారని అడగడం లాంటివి. ఉత్త అన్యాయం చాలదు. పైగా కమిషన్ రాజీ ప్రయత్నమే చేస్తుంది. అది విఫలమై సర్టిఫికెట్ వస్తే 14 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. ఎఫ్8కూ 'తొలగింపు' కావాలి. గడువు శుభ్రంగా ముగిసిందనిపించినా, అలాంటి కారణం వల్లే మళ్లీ తీసుకోలేదనుకుంటే తొలగింపుతో సంబంధం లేని జనరల్ ప్రొటెక్షన్స్ ఫారం ఎఫ్8సీ ఉంది. దానికి 21 రోజుల గడువు లేదు.

మా లెక్కలో, చెప్పుకోదగ్గ కారణమూ దాని ఆధారమూ ఉంటే జనరల్ ప్రొటెక్షన్స్. ఏళ్ల తరబడి రెన్యూవల్, ఇచ్చిన మాట, అచ్చు ఫారాలు మాత్రమే ఉంటే ఎఫ్2.

2023 డిసెంబర్ 6 నుంచి రాసుకున్న కాంట్రాక్టులైతే ఎఫ్2కి ఇంకో బలం ఉంది. రెన్యూవల్స్‌తో కలిపి 2 ఏళ్లు దాటితే, లేదా ఒకసారికి మించి పొడిగిస్తే, మినహాయింపులు వర్తించనంత వరకు ఆ ముగింపు తేదీ చెల్లదు. మిగతా కాంట్రాక్టు నిలుస్తుంది. ఎక్కువ జీతాలు, ప్రత్యేక నైపుణ్యంతో చేసే నిర్దిష్ట పని వంటివి ఆ మినహాయింపుల్లో ఉన్నాయి.

21 రోజుల లెక్క ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది, ఈమెయిల్ వచ్చిన రోజు నుంచి కాదు. హెచ్‌ఆర్‌కి పెట్టిన అప్పీలుకు జవాబు రాలేదని ఆగితే ఆ లెక్క ఆగదు. ఆలస్యాన్ని అసాధారణ పరిస్థితుల్లోనే మన్నిస్తారు.