పుట్టినరోజు ఫొటోలకు ప్రైమ్ లెన్సా, ఫ్లాషా?

కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సుతో ఇంట్లో పుట్టినరోజు ఫొటోలు తీస్తే పిల్లలందరూ చెరిగిపోయినట్టు వస్తున్నారని, ఏది కొంటే మేలని చాలామంది అడుగుతున్నారు. జవాబుగా వినిపించేవి రెండే: ఎఫ్/1.8 ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుగు వచ్చే రంధ్రం పెద్దది), లేదా కెమెరా పైన అమర్చే ఫ్లాష్. సాధారణ మోడళ్లయితే రెండూ పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి. కాబట్టి ధర చూసి తేల్చుకునే వీలు లేదు.

కాగితం మీద లెక్క వేస్తే ప్రైమే గెలుస్తుంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి వస్తుంది. రాత్రి ట్యూబులైట్లు వేసిన హాల్లో, ఐఎస్‌ఓ 1600 (వెలుగుకు కెమెరా స్పందించే మోతాదు) దగ్గర, కిట్ లెన్సుకు సెకనులో 30వ వంతు షటర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) దక్కితే దీనికి 300వ వంతు దక్కుతుంది. కుర్చీలాటలో పరుగెత్తే పిల్లలకు అది చాలావరకు సరిపోతుంది. పైగా వరుసగా ఎన్ని ఫొటోలైనా తీయవచ్చు. ఎవరో తీస్తున్నారని పిల్లలు గమనించరు కూడా.

చిక్కు ఎక్కడంటే, పుట్టినరోజు ఫొటోలో ఒక్కరే ఉండరు. చిన్న సెన్సర్ (బొమ్మను పట్టే పలక) ఉన్న ఏపీఎస్-సీ కెమెరాకు 35 ఎంఎం ప్రైమ్ తగిలించి, ఎఫ్/1.8 దగ్గర, ఆరేడు అడుగుల దూరంలో ఉన్నవారిని తీస్తే స్పష్టంగా వచ్చే మేర ముందూ వెనకా కలిపి జానెడు మాత్రమే. 50 ఎంఎం అయితే అందులో సగం. కేకు కోస్తున్న పాప కళ్లు నిగనిగలాడుతుంటే, ఆమె భుజం మీదుగా తొంగిచూస్తున్న తమ్ముడు మసకబారిపోతాడు. వాడి మొహంలోని ఆత్రమే కదా ఆ ఫొటోకు ప్రాణం! ఆ మేర పెంచడానికి రంధ్రాన్ని ఎఫ్/4కు తగ్గిద్దామంటే షటర్ మళ్లీ 60వ వంతు దగ్గరకు దిగుతుంది. ప్రైమ్ ఎందుకు కొన్నట్టు?

ఎల్‌ఈడీల గొడవ ఇంకొకటి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గాని, షటర్ వేగం 100 దాటితే ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. లేదా వరుసగా తీసిన ఫొటోల్లో ఒక్కోదానిది ఒక్కో రంగవుతుంది.

నా మొగ్గు ఫ్లాష్ వైపే, అయితే దాన్ని పిల్లల మొహం మీదికి ఎక్కుపెట్టకూడదు. ఫ్లాష్ తల పైకి తిప్పి, కాస్త వెనక్కి వంచి, తెల్లటి పైకప్పుకు కొట్టాలి. నిటారుగా పైకి కొడితే కళ్ల కింద నీడలు పడతాయి. మామూలు ఫ్లాట్లలో కప్పు పది అడుగుల ఎత్తులో ఉంటుంది, తెల్లగా ఉంటుంది. అంత కప్పూ ఒక పెద్ద దీపమై గది అంతటా మెత్తటి వెలుగు పరుస్తుంది. ఐఎస్‌ఓ 800, ఎఫ్/5.6, షటర్ 200 పెట్టండి. ఆ అమరికలో గది దీపాల వాటా నామమాత్రమే కాబట్టి ఎల్‌ఈడీ చారలు పోతాయి. పావు శక్తి దగ్గర ఫ్లాష్ వెలిగేది సెకనులో సుమారు వెయ్యో వంతు, కదలికను ఆపేది అదే. పాపర్ పేలినప్పుడు గాల్లో లేచిన తళుకు కాగితాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. పాత కిట్ లెన్సే చాలు, తమ్ముడూ స్పష్టంగా పడతాడు.

ఒక జాగ్రత్త: చట్రంలో తెల్ల బెలూన్లు ఎక్కువగా ఉంటే ఆటోమేటిక్ ఫ్లాష్ మోసపోయి వెలుగు తగ్గిస్తుంది. అప్పుడు ఫ్లాష్‌ను ఒక మెట్టు పెంచుకోవాలి. గోడలకు ఆకుపచ్చో కాషాయమో రంగు ఉంటే అటువైపు కొట్టకండి, ఆ రంగంతా బుగ్గలకు అంటుకుంటుంది.

ఫ్లాష్‌కూ లోట్లున్నాయి. సీరియల్ లైట్ల సందడి ఫొటోలో వెలవెలబోతుంది. పూర్తి శక్తితో కొడితే మళ్లీ సిద్ధం కావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆలోగా పిల్లవాడు సోఫా దిగి వంటింట్లో ఉంటాడు. లైట్లు ఆర్పి కొవ్వొత్తులు ఊదించే ఆ అర నిమిషంలో మాత్రం ఫ్లాష్ కట్టేయాల్సిందే. అక్కడ ప్రైమ్‌కు సాటి లేదు, కొవ్వొత్తి వెలుగులో పాప మొహం ఒక్కటే కనిపిస్తే చాలు కూడా.

ఇక ఫంక్షన్ హాలు సంగతి. కప్పు చాలా ఎత్తున ఉండి, రంగురంగుల ఫాల్స్ సీలింగ్ ఉంటే పైకి కొట్టిన వెలుగు తిరిగి రాదు, వచ్చినా రంగు మారి వస్తుంది. దగ్గరలో తెల్ల గోడ లేకపోతే అక్కడ ప్రైమే గతి. అందుకే ఎవరైనా అడిగితే నేను ముందు కెమెరా మోడల్ అడగను, వేడుక ఎక్కడ, కప్పు ఎంత ఎత్తు అని అడుగుతాను.

కెమెరాలోనే ఉండే బుల్లి ఫ్లాష్ వద్దు. మొహాలు పాలిపోతాయి, కళ్లు ఎర్రబడతాయి. ఫోను పగటి వేడుకకు, కిటికీ పక్కన, బాగానే ఉంటుంది. దాని నైట్ మోడ్ మాత్రం కదలని వస్తువులకే.

ఇంట్లో చేసుకునే పుట్టినరోజులే ఎక్కువైతే ముందు ఫ్లాష్ కొనండి, తర్వాత వీలైనప్పుడు ప్రైమ్. చిన్న సెన్సర్ కెమెరా అయితే 50 బదులు 35 తీసుకోండి, హాల్లో వెనక్కి జరిగేందుకు అంత చోటుండదు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే ఫ్లాష్ అయితే ఛార్జింగ్ సెల్స్ రెండు సెట్లు దగ్గరుంచుకోండి. సైలెంట్ షటర్ ఆన్‌లో ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ వెలగదు, పిల్లలు రాకముందే అది సరిచూసుకోండి.