సై నో మోర్, జార్స్ ఆఫ్ క్లే: ముందు ఏది వినాలి?

క్రైస్తవ భావాలున్న ఫోక్ రాక్ కొత్తగా వినేవాళ్లకు నేను ముందు చెప్పేది బ్రిటిష్ బ్యాండ్ మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ తొలి ఆల్బమ్ ‘సై నో మోర్’ (2009). గాయకుడు మార్కస్ తల్లిదండ్రులు చర్చి నాయకులే అయినా పాటల్లో బోధ వినిపించదు. కృప, పశ్చాత్తాపం, సందేహం కలిసే ఉంటాయి. ‘ది కేవ్’ మెల్లగా గిటార్‌తో మొదలవుతుంది. బాంజో ఊపందుకుని, చివర్లో ట్రంపెట్ కలిసేసరికి నాకైతే ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆల్బమ్ పేరు మాత్రం షేక్‌స్పియర్ నాటకంలోది.

అమెరికా బ్యాండ్ జార్స్ ఆఫ్ క్లే తమ పేరుతోనే తెచ్చిన 1995 తొలి ఆల్బమ్‌ది సూటి దారి. ఆ పేరు మన తెలుగు బైబిల్లో, రెండో కొరింథీయుల పత్రికలో కనిపించే ‘మంటి ఘటములు’. ‘ఫ్లడ్’ పాటంతా వాన, మునిగిపోతున్నవాడి మొర. పాటలో ప్రార్థన కోరుకునేవాళ్లు నేరుగా దీంతోనే మొదలుపెట్టండి.