పూలు విచ్చుకోవడం తీయడానికి డమ్మీ బ్యాటరీ: ఏడాదికి పైగా వాడాక నా మాట

కానన్ 1500డి వాడేవాళ్లకు తెలిసిందే, బ్యాటరీ మూత కెమెరా అడుగున ఉంటుంది. నా ట్రైపాడ్ ప్లేటు బిగిస్తే ఆ మూత తెరుచుకోదు. పెళ్లి ఫొటోలకు ఇదొక లెక్కే కాదు. పూల టైమ్‌లాప్స్‌కు, అంటే గంటల తరబడి ఆగి ఆగి తీసిన ఫొటోలను వరసగా కలిపి వీడియో చేయడానికి మాత్రం ప్రాణసంకటం. మధ్యలో చార్జింగ్ అయిపోతే కెమెరా దించాలి, బ్యాటరీ మార్చాలి, మళ్లీ బిగించాలి. ఎంత జాగ్రత్తపడ్డా ఫ్రేము వెంట్రుకవాసి జరుగుతుంది. వీడియోలో అక్కడ పువ్వు గంతేసినట్టు కనిపిస్తుంది.

ఆ బాధ తీర్చింది కాబట్టే డమ్మీ బ్యాటరీ అంటే నాకింత ఇష్టం. అసలు బ్యాటరీ ఆకారంలోనే ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికో వైరు, వైరు చివర యూఎస్‌బీ. దాన్ని గోడ ప్లగ్గుకో పవర్ బ్యాంకుకో తగిలిస్తే కెమెరా నడుస్తుంది. ఇక తెల్లవార్లూ కెమెరాను ముట్టుకునే పనే లేదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో మందారం, చంద్రకాంత కుండీలు గదిలోకి తెచ్చుకుని గోడ ప్లగ్గు మీదే తీశాను. మందారం రేకులు మెలిపడి ఉంటాయి కదా, అవి ఒకదాని కింద నుంచి ఒకటి జారుకుంటూ విప్పుకోవడం మొదటిసారి ఎక్కడా అదురు లేకుండా చూసినప్పుడు ఆ పూటంతా అదే తిప్పి తిప్పి చూశాను. అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనమని చెప్పాను కూడా.

ఇప్పుడు అంత తొందరగా చెప్పడం లేదు. కారణం బ్రహ్మకమలం.

ఆ కుండీ మిద్దె మీద ఉంది, ఇద్దరు పట్టినా కదలదు. మిద్దె మీది ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లేదు, ఆషాఢం గాలికి కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకే పవర్ బ్యాంకు పెట్టాను. సాయంత్రానికి మొగ్గ వంగిన మెడ పైకెత్తి ఉబ్బింది, బయటి ఎర్రటి సన్నరేకులు విడివడుతున్నాయి. అంటే ఆ రాత్రికే. ఏడున్నరకు మొదలుపెడితే పదకొండున్నరకల్లా విచ్చుకుంటుందని నా అంచనా. నిమిషానికో ఫొటో చొప్పున 240, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన పది సెకన్ల లోపు వీడియో.

తొమ్మిది దాటాక అవ్వ పళ్లెం పట్టుకుని పైకొచ్చింది. "రేయ్, ఇంగ కొంచెం పక్కకు జరుగు, కర్పూరం ముట్టించాల" అంది. పక్కనుంచి హారతి ఇచ్చింది. నిమిషానికోసారి కెమెరా మీట నొక్కే టైమర్ రిమోట్‌లో ఫొటోల అంకె పెరుగుతూనే ఉంది. పువ్వు పూర్తిగా విచ్చుకుంది, మిద్దంతా వాసన.

కార్డు తీసి చూస్తే, పచ్చటి హారతి వెలుగు పడిన రెండు ఫ్రేములున్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. రేకులు సగం తెరుచుకున్న దగ్గరే ఆగిపోయింది. రిమోట్ లెక్కపెట్టేది తాను నొక్కిన నొక్కుళ్లనే. దానికి వేరే సెల్లులుంటాయి, కెమెరా బతికుందో లేదో దానికి పట్టదు.

జరిగిందేమిటంటే, ఫొటోకూ ఫొటోకూ మధ్య కెమెరా నిద్రలోకి పోతుంది, అప్పుడు లాగే కరెంటు చాలా తక్కువ. పవర్ బ్యాంకు ఏదీ తగిలించలేదనుకుని తనంతట తానే ఆగిపోతుంది. చాలా పవర్ బ్యాంకుల తీరే అంత. కెమెరాను నిద్రపుచ్చే ఆటో పవర్ ఆఫ్ తీసేశాను, ఫొటోల మధ్య నిమిషాన్ని ఇరవై సెకన్లు చేశాను. కొంత నయమే గానీ నమ్మకం కుదరలేదు. గాంధీ రోడ్డులో స్టూడియో నడిపే అన్న ఒక మాట చెప్పాడు: "రెండో పోర్టుకు చిన్న యూఎస్‌బీ లైటు పెట్టు తమ్ముడూ, అది వెలుగుతున్నంతసేపూ బ్యాంకు ఆగదు." ఎంత చక్కటి ఉపాయం! ఆ లైటే ఇప్పుడు పువ్వుకు వెలుగు కూడా. ఆ చెట్టు మళ్లీ మొగ్గ వేసినప్పుడు మొదటి నుంచి చివరిదాకా పట్టాను. రేకులు ఒకే వేగంతో విచ్చుకోవు, ఆగి ఆగి ఒక్కో కుదుపుతో వెనక్కి వాలతాయి. మధ్యలోంచి చీలికల కీలాగ్రం (పుప్పొడిని పట్టుకునే కొన) మెల్లగా ముందుకొస్తుంది. పక్కన కూర్చుని కళ్లారా చూసినా నాకిది తెలియలేదు.

చిన్న లోపాలున్నాయి. తెర మీద బ్యాటరీ గుర్తు ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది, పవర్ బ్యాంకు ఖాళీ అవుతున్నా చెప్పదు. వైరు డబ్బాలోకి వెళ్లే చోట ఈమధ్య వదులైంది, టేపు చుట్టాను. వైరు బయటికి రావడానికి తెరిచే రబ్బరు బిళ్ల దగ్గర సందు ఉంటుంది. మంచు పడే రాత్రుళ్లు అక్కడ గుడ్డ కప్పకుండా వదలను.

యూఎస్‌బీతో నడిచే కొత్త కెమెరా ఉంటే దీంతో పనే లేదు. గదిలో, ఇన్వర్టర్ ప్లగ్గు మీద తీసేవాళ్లయితే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. చిత్తూరు వైపు తోటల్లో మామిడి పూత తీయాలని నాకు ఆశ. అది రోజుల పని, గాలికి కొమ్మ నిలవదు, ఈ సరంజామా దానికి చాలదు. నాలాగా మిద్దె మీద ఒక్క రాత్రి పూచే పువ్వుకైతే చాలు. కాకపోతే రెండు పోర్టుల పవర్ బ్యాంకు ముందు చేతికి వచ్చాకే దీని సంగతి చూడండి.