కొనడమా, కలవడమా, కట్టడమా: ఫిన్‌టెక్‌ల పోటీలో బ్యాంకులకు ఏది మేలు?

బ్రాంచికి వెళ్లకుండా, ఫోన్‌లోనే పది నిమిషాల్లో ఖాతా తెరిచే యాప్ ఒకటి వచ్చి జనంలోకి పాకిందంటే పాత బ్యాంకులకు టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు వాటి ముందుండే దారులు నాలుగే. ఆ యాప్ తెచ్చిన ఫిన్‌టెక్ స్టార్టప్‌ను, అంటే టెక్నాలజీతో డబ్బు సేవలు అందించే కొత్త కంపెనీని, కొనేయడం, దానితో చేతులు కలపడం, అలాంటిదే సొంతంగా కట్టుకోవడం, లేదంటే పోటీ బ్యాంకులతో ఒక్కటై ఉమ్మడిగా ఏదైనా తేవడం. ఏది మేలన్నది యాప్ ఎంత అందంగా ఉందో చూసి తేల్చే విషయం కాదని నా అభిప్రాయం. ఖాతాదారు డబ్బు ఎంతుందో చెప్పే పద్దు చివరికి ఎవరి చేతిలో ఉంటుంది? నేను చూసేది అదే.

కొనడం సంగతి త్వరగానే తేలిపోతుంది. స్పెయిన్‌కు చెందిన బీబీవీఏ బ్యాంకు 2014లో అమెరికా స్టార్టప్ సింపుల్‌ను 11.7 కోట్ల డాలర్లకు కొంది. సింపుల్ యాప్‌లో జనానికి నచ్చిన సంగతి ఒకటుంది. ఖాతాలో ఉన్న మొత్తంతో పాటు, కట్టాల్సిన బిల్లులు, పక్కన పెట్టిన పొదుపు తీసేస్తే నిజంగా ఖర్చు పెట్టుకోవడానికి ఎంత మిగిలిందో కూడా చూపించేది. అయితే దానికి సొంత లైసెన్స్ లేదు, డబ్బంతా వేరే బ్యాంకులో ఉండేది. కొన్నాక ఆ ఖాతాలను తమ సిస్టమ్‌లోకి మార్చుకోవడానికే ఏళ్లు పట్టింది, ఆ మార్పిడిలో ఖాతాదారులు నానా అవస్థ పడ్డారు. 2020 చివర్లో బీబీవీఏ తన అమెరికా వ్యాపారాన్నే అమ్మేయడానికి ఒప్పందం చేసుకుంది. ఆ వెంటనే, 2021 జనవరిలో, సింపుల్‌ను మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది.

అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ చేజ్ అనుభవం ఇంకా చేదు. విద్యార్థులకు ఆర్థిక సాయం దరఖాస్తుల్లో తోడ్పడే ఫ్రాంక్ అనే స్టార్టప్‌ను 2021లో 17.5 కోట్ల డాలర్లకు కొంది. 40 లక్షలకు పైగా వాడకందార్లు ఉన్నారని వాళ్లు చెప్పారు, నిజానికి 3 లక్షలు కూడా లేరు. కొన్నాక వాళ్లిచ్చిన వాడకందార్ల జాబితాకు మెయిళ్లు పంపితే చాలావరకు చేరనే లేదు. వ్యవస్థాపకురాలిని 2025లో కోర్టు దోషిగా తేల్చింది. అంత పెద్ద బ్యాంకే చూసుకోలేకపోయిందంటే, చిన్న బ్యాంకులు ఈ దారి తొక్కే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

చేతులు కలపడం చూడటానికి అన్నిటికన్నా తేలిక. బ్యాంకు దగ్గర లైసెన్స్, డిపాజిట్ బీమా ఉంటాయి. స్టార్టప్ దగ్గర యాప్, వేగం ఉంటాయి. పెట్టుబడి తక్కువ, పని త్వరగా మొదలవుతుంది. నేనూ చాలాకాలం ఇదే మంచి దారి అనుకున్నాను. సినాప్స్ కథ తెలిశాక నా అభిప్రాయం మారింది.

సినాప్స్ ఒక మధ్యవర్తి కంపెనీ. ఒకపక్క యోటా, జూనో లాంటి యాప్‌లు, ఇంకోపక్క ఎవాల్వ్ లాంటి బ్యాంకులు, మధ్యలో ఇది. వేలమంది డబ్బు బ్యాంకులో ఒకే ఉమ్మడి ఖాతా కింద పడి ఉండేది. అందులో ఎవరిది ఎంత అన్న పద్దు మాత్రం సినాప్స్ రాసేది. అంటే డబ్బు ఒకచోట, లెక్క ఇంకోచోట. రెండూ ఏ రోజుకారోజు ట్యాలీ అవుతున్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. 2024 ఏప్రిల్‌లో సినాప్స్ దివాలా పిటిషన్ వేసింది. మే నెలలో ఎవాల్వ్‌కు ఆ పద్దులు అందకుండా పోయాయి. లక్షమందికి పైగా జనం ఖాతాలు స్తంభించాయి. దివాలా కేసులో నియమించిన ట్రస్టీ వచ్చి లెక్క తీస్తే, ఖాతాదారులకు రావలసినదానికీ బ్యాంకుల్లో ఉన్నదానికీ మధ్య 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల తేడా కనిపించింది.

ఆ డబ్బు వెనక ఉన్నవాళ్లను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. జీతం అందులోనే పడేవాళ్లున్నారు, ఇల్లు కొనడానికి దాచుకున్నవాళ్లున్నారు. డిపాజిట్ బీమా ఉందని యాప్‌లో చదివి వాళ్లంతా నమ్మారు. ఆ బీమా బ్యాంకు మునిగితేనే వర్తిస్తుంది. ఇక్కడ బ్యాంకు మునగలేదు, మధ్యలో ఉన్న కంపెనీ మునిగింది. నెలల తర్వాత పంపకాలు మొదలైనప్పుడు కొందరికి దాచుకున్నదాంట్లో ఆవగింజంత మాత్రమే దక్కింది. చేతులు కలపడమే తప్పని నేను అనను. పద్దును కూడా అవతలివాళ్ల చేతిలో పెట్టి కలపడం తప్పు.

ఇక సొంతంగా కట్టడం. ఇక్కడ బ్యాంకులు రెండు రకాల పనిని కలిపేసి దెబ్బతింటున్నాయి. మొదటిది కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టడం. జేపీ మోర్గాన్ చేజ్ ఫిన్ అనే యాప్‌ను 2018లో అమెరికా అంతటా తెచ్చి, ఏడాదికే మూసేసింది. అందులో ఉన్నవి చాలావరకు ఆ బ్యాంకు అసలు యాప్‌లోనూ ఉన్నప్పుడు జనం ఎందుకు మారతారు? బ్రిటన్‌లో ఆర్‌బీఎస్ అనే బ్యాంకు గ్రూపు 2019 నవంబరులో తెచ్చిన బో అనే యాప్ కూడా ఆరు నెలల్లోపే మూతపడింది. అదే గ్రూపు చిన్న వ్యాపారుల కోసం పెట్టిన మెటిల్ మాత్రం నిలిచింది. దానికి తీర్చాల్సిన అవసరం ఒకటి స్పష్టంగా ఉంది కాబట్టే అది నిలిచిందని నాకనిపిస్తుంది.

రెండో రకం లోపలి కోర్ సిస్టమ్‌ను, అంటే ఖాతాలు, లెక్కలు నడిపే అసలు కంప్యూటర్ వ్యవస్థను, మార్చడం. అసలు కష్టం ఇదే. పాత కోర్ సిస్టమ్‌లు చాలావాటిలో వడ్డీలు, లెక్కలు రాత్రిపూట ఒక్క విడతగా నడుస్తాయి. పైన ఎంత కొత్త యాప్ తొడిగినా లోపల అదే ఉంటే పైన పటారం లోన లొటారమే. అలాగని తొందరపడినా ప్రమాదమే. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో 50 లక్షలకు పైగా ఖాతాదారుల వివరాలను ఒకేసారి కొత్త సిస్టమ్‌లోకి మార్చింది. దాదాపు 19 లక్షలమంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనిపించాయి. అంతా సర్దుకునేసరికి డిసెంబరు వచ్చింది, సీఈఓ పదవి పోయింది, 2022లో దాదాపు 4.9 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. అందుకే ఈ పని విడతలుగా చేయాలి. ముందు ఉద్యోగుల ఖాతాలు, తర్వాత కొత్తగా చేరేవాళ్లవి, చివరికి పాతవాళ్లవి. ఏ విడతలో తేడా వచ్చినా వెనక్కి తిరిగే దారి ఉంచుకోవాలి.

ఉమ్మడి దారికి రావలసినంత పేరు రాలేదు. స్వీడన్‌లో ఆరు బ్యాంకులు కలిసి 2012 డిసెంబరులో స్విష్ అనే యాప్ తెచ్చాయి. ఫోన్ నంబరుకు డబ్బు పంపితే నేరుగా ఖాతాలో పడుతుంది. కోటి చిల్లర జనాభా ఉన్న దేశంలో ఇప్పుడు 80 లక్షలకు పైగా జనం దాన్ని వాడుతున్నారు. కానీ పక్కనే డెన్మార్క్‌లో కథ తిరగబడింది. 2013లో డాన్స్కే బ్యాంకు ఒక్కటే మొబైల్‌పే తెస్తే, మిగతా బ్యాంకులు కలిసి అదే ఏడాది స్విప్ తెచ్చాయి. జనం మొబైల్‌పే వైపే వెళ్లారు. చివరికి నార్డియా లాంటి బ్యాంకులు కూడా అందులోనే చేరాయి, స్విప్ మూతపడింది. ఎంతమంది కలిశారన్నదానికన్నా, అందరి డబ్బూ ఒకే దారిలో నడుస్తుందా లేదా అన్నదే ఇలాంటిచోట ముఖ్యం.

నన్నడిగితే, డబ్బు పంపించే దారి వరకు పోటీ బ్యాంకులతో కలవడం మేలు. కోర్ సిస్టమ్‌ను ఎంత ఖర్చయినా, ఎన్నేళ్లు పట్టినా సొంతంగా మార్చుకోవాలి. అంత స్థోమత లేని చిన్న బ్యాంకుకు స్టార్టప్‌తో కలవడం తప్పదు. అలాంటప్పుడు ఖాతాదారుల పేర్లు, బ్యాలెన్స్‌లు ఉన్న పద్దు పూర్తి కాపీ ఏ రోజుకారోజు బ్యాంకు సొంత సర్వర్‌లోకి రావాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. సంతకం పెట్టే ముందు ఒక రోజంతా ఆ స్టార్టప్ కనెక్షన్ ఆపేసి, బ్యాంకు సిబ్బంది తమ దగ్గరున్న పద్దుతోనే ప్రతి ఖాతాదారుకూ డబ్బు ఇవ్వగలుగుతున్నారో లేదో చూడాలి. ఇవ్వలేకపోతే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు.