ఫెట్ ప్రొజెక్టైల్ మోషన్ సిమ్యులేషన్: ఫిరంగి కన్నా చుక్కలే ముఖ్యం

ఫెట్ అనేది సిమ్యులేషన్లు, అంటే తెర మీద మార్చి చూసే ప్రయోగ నమూనాలు, తయారుచేసే కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం ప్రాజెక్టు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టారు. అందులోని ప్రొజెక్టైల్ మోషన్ సిమ్యులేషన్‌ను హైస్కూలు, ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు చెప్పడానికి చాలాకాలంగా వాడుతున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ప్రక్షేపకాల (విసిరిన వస్తువుల) పాఠానికి ఇంతకన్నా పనికొచ్చేది నాకు దొరకలేదు. అయితే పిల్లల చేతికిచ్చి ఊరుకుంటే పావుగంటలో అది టార్గెట్ కొట్టే ఆటగా మారిపోతుంది. దీని అసలు విలువ గుండును పేల్చే ఫిరంగిలో లేదు, ఆ గుండు దారి పొడవునా పడే చుక్కల్లో ఉంది.

గుండు వెళ్లిన దారిలో ప్రతి 0.1 సెకనుకీ ఒక చుక్క పడుతుంది. టూల్‌బాక్స్‌లోని నీలం పెట్టెను లాగి, దాని ప్లస్ గుర్తును చుక్క మీద పెడితే సమయం, దూరం, ఎత్తు చూపిస్తుంది. రెండు చుక్కల మధ్య ఖాళీలో పెడితే అంకెలు రావు. చాలామంది పిల్లలు అక్కడే "పనిచేయట్లేదు సార్" అంటారు. జూమ్ పెంచి, చుక్క మీద సరిగ్గా పెట్టమనండి.

మొదటి ప్రయోగం ఇంట్రో తెరలోనే చేయించండి. ఫిరంగి ఎత్తు 10 మీటర్లు, కోణం 0, వేగం 15 మీ/సె, గాలి నిరోధం లేదు. చుక్కల ఎత్తులు వరుసగా 9.95, 9.80, 9.56, 9.22, 8.77 మీటర్లు వస్తాయి. అంటే ఒక్కో 0.1 సెకనులో గుండు దిగింది 5, 15, 24, 34, 45 సెంటీమీటర్లు. దాదాపు 1:3:5:7:9. గెలీలియో 1638లో అచ్చువేసిన బేసిసంఖ్యల నియమం ఇదే. అదే చుక్కల అడ్డం దూరాలు చూస్తే 1.5, 3.0, 4.5... ప్రతిసారీ ఒకే పెరుగుదల. ఈ రెండు వరుసలనూ నోట్‌బుక్‌లో పక్కపక్కన పిల్లలే రాయాలి. అడ్డం కదలికకూ నిలువు కదలికకూ సంబంధం లేదన్న మాట అప్పుడు బట్టీ పట్టాల్సిన వాక్యంగా మిగలదు.

తర్వాత వేగం మాత్రం 5 మీ/సెకు తగ్గించండి. పడే దూరం 21.42 నుంచి 7.14 మీటర్లకు వస్తుంది, సమయం మాత్రం 1.43 సెకన్లే. పేల్చకముందే ఊహ రాయించడం మరిచిపోవద్దు. "వేగంగా పోయేది ఆలస్యంగా పడుతుంది" అని రాసేవాళ్లే ఎక్కువ ఉంటారు.

ఇక ఎక్కువమంది ఇరుక్కునే చోటు చెబుతాను. ఇంట్రో తెర తెరవగానే ఫిరంగి ఎత్తు మీద ఉంటుంది. పిల్లలు అది గమనించరు. వేగం 15 మీ/సె, కోణం 45 పెట్టి, u² సైన్ 2θ / g సూత్రంతో (u వేగం, θ కోణం, g గురుత్వ త్వరణం) లెక్కకట్టి 22.94 మీటర్లు అంటారు. తెర మీద 30.47 వస్తుంది. సూత్రం తప్పు కాదు. వదిలిన మట్టానికే తిరిగి వచ్చి పడినప్పుడే అది చెల్లుతుంది. ఫిరంగిని నేలకు దించితే 22.94 కచ్చితంగా వస్తుంది. ఆ తేడాను దాచకుండా దాన్నే పాఠంగా మార్చుకోవచ్చు: 10 మీటర్ల ఎత్తు నుంచి 35 డిగ్రీలకు పేల్చితే 31.37 మీటర్లు, అంటే 45 డిగ్రీల కన్నా దాదాపు 90 సెంటీమీటర్లు ఎక్కువ. 45 డిగ్రీలకే గరిష్ఠ వ్యాప్తి (పడే దూరం) అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లకు ఇది చూపించి తీరాలి.

నేల మట్టం నుంచి 30, 60 డిగ్రీల జత కూడా బాగుంటుంది. 15 మీ/సె వేగానికి రెండూ 19.86 మీటర్ల దగ్గరే పడతాయి. గాలిలో ఉండే సమయం మాత్రం 1.53, 2.65 సెకన్లు.

వెక్టర్స్ తెరలో గాలి నిరోధం లేకుండా, నెమ్మది వేగం పెట్టి, కాంపొనెంట్స్ (అడ్డం, నిలువు భాగాలు) ఎంచుకుని, గుండు శిఖరానికి చేరగానే ఆపండి. నిలువు వేగం బాణం మాయమవుతుంది, అడ్డం బాణం అలాగే ఉంటుంది, త్వరణం బాణం కిందికే చూస్తుంది. "పైన వేగం సున్నా, త్వరణం కూడా సున్నా" అనే అపోహ పోవడానికి నాకు తెలిసినంతలో ఇదే దగ్గరి దారి. నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడే: బాణాల మీద అంకెలు లేవు. అడ్డం వేగం ఎంతో తెలియాలంటే రెండు చుక్కల దూరాల తేడాను 0.1తో భాగించుకోవాలి. నిలువు వేగాన్నీ అలాగే ఎత్తుల తేడాతో తీయొచ్చు, కానీ వచ్చేది ఆ విరామపు సగటు వేగం, చుక్క దగ్గరి వేగం కాదు.

గాలి నిరోధాన్ని చివరికి ఉంచండి. అది లేనప్పుడు గుమ్మడికాయ, పియానో, గోల్ఫ్ బంతి ఒకే దారిలో పోవడం పిల్లలు ముందు చూడాలి. తర్వాత ల్యాబ్ తెరలో వ్యాసం మార్చకుండా ద్రవ్యరాశి పెంచితే, బరువైనది ఎక్కువ దూరం పోతుంది. నిరోధక బలం ఆకారం, పరిమాణం, వేగాల మీద ఆధారపడుతుంది. అదే బలం బరువైనదాన్ని తక్కువగా ఆపగలదు. దిగే దారి ఎక్కే దారి కన్నా నిటారుగా ఉండడమూ చూపించండి. గుండు గాలిలో ఉండగా సెట్టింగులు ముట్టుకోనివ్వకండి. దారి మధ్యలోనే మారిపోయి, ఆ అంకెలు లెక్కలకు పనికిరాకుండా పోతాయి.

ఇందులో బంతి తిరగడం లేదు, ఎదురుగాలి లేదు. స్పిన్ అయ్యే క్రికెట్ బంతినో, వంపు తిరిగే ఫుట్‌బాల్ కిక్‌నో దీనితో వివరించబోతే తప్పు చెప్పినట్టవుతుంది. ఫోన్‌లో తెరుచుకుంటుంది కానీ చిన్న తెర మీద చుక్కలు పట్టుకోవడం కష్టం. ట్యాబ్ గానీ ప్రొజెక్టర్‌కు కలిపిన ల్యాప్‌టాప్ గానీ మేలు.

ఒక్క సిమ్యులేషన్‌తో సరిపెట్టకుండా, అదే పీరియడ్‌లో 75 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీద నుంచి గోలీ దొర్లించండి. నేలకు చేరడానికి 0.39 సెకన్లు. 40 సెంటీమీటర్ల దూరంలో పడితే అంచు దగ్గర దాని వేగం సుమారు 1 మీ/సె. పడిన చోటు తెలియడానికి తెల్లకాగితం మీద కార్బన్ పేపర్ పరిస్తే చాలు. దూరాన్ని బల్ల కాలి నుంచి కాదు, అంచుకు సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి కొలవాలి. అందుకు దారానికి చిన్న రాయి కట్టి అంచు నుంచి వేలాడదీసి, అది చూపించిన చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి.