నెట్ న్యూట్రాలిటీ: మన ట్రాయ్ దారి, అమెరికా దారి

నెట్ న్యూట్రాలిటీ అంటే నెట్ ఇచ్చే కంపెనీలు అన్ని సైట్లనూ ఒకేలా చూడాలన్న సూత్రం. ఇంటర్నెట్‌లో ప్రభుత్వం వేలు పెట్టాలా వద్దా అనే గొడవకు మంచి ఉదాహరణ డేటా ధరలు.

మన దగ్గర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న ఒక్క నిబంధనతో తేల్చేసింది: ఏ సైటు చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదు. మీరితే రోజుకు 50 వేల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. పెద్ద టెలికాం కంపెనీకి అది చిల్లరే అనుకోండి. అసలు దెబ్బ ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్'కు తగిలింది. ఆ పథకంలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ సిమ్ ఉంటే కొన్ని సైట్లు ఉచితం. వీడియోలుండవు, ఆ జాబితాలో చేరాలంటే ఫేస్‌బుక్ పెట్టిన షరతులకు ఒప్పుకోవాలి. పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలిచ్చినా పథకం నిలబడలేదు.

అమెరికాలో కథ వేరు. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో గట్టి నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు తెచ్చింది, 2017లో తీసేసింది, 2024లో మళ్లీ తెచ్చింది. 2025 జనవరిలో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. వైట్‌హౌస్‌లో పార్టీ మారితే రూలూ మారాల్సిందే. ఈలోగా కాలిఫోర్నియా 2018లో సొంత చట్టం చేసుకుంది. మార్కెట్‌కు వదిలేస్తే కొత్త ప్లాన్లు పుడతాయన్న వాదనలో కొంత నిజముంది: అక్కడి టెలికాం కంపెనీ టీ-మొబైల్ తన 'బింజ్ ఆన్' పథకంలో చేరిన సర్వీసుల వీడియోలను డేటా లెక్కలోంచి మినహాయించింది. చేరని చిన్న సైటు గతేంటి మరి?

ధరల విషయంలో నా ఓటు ట్రాయ్‌కే. కానీ అన్ని సైట్లూ సమానమన్న ఇదే దేశంలో, గొడవలైతే జిల్లా మొత్తానికి నెట్ కట్ చేస్తారు. దానికి ఈ నిబంధన అడ్డురాదు.